కృపావతి సీటు

కృపావతి చెప్పులు విప్పి సీటు కింద పెట్టాకే జీపు కదిలిస్తుంది. క్లచ్ సంగతి అరికాలికి తెలియాలంటుంది. పదహారేళ్లుగా అనంతగిరి ఘాట్‌లో కాఫీ బస్తాలనూ, సంతకు వెళ్లే జనాన్నీ మోస్తోంది. గేరు రాడ్డు పట్టుకుని పట్టుకుని ఎడమ అరచెయ్యి కాయలు కాసింది. మలుపు ముందు మాట ఆపేసి ఇంజను చప్పుడు వింటుంది. కొత్తగా రిసార్టు పెట్టిన ధనుంజయ్ తన కారుకు డ్రైవరుగా రమ్మని, నెలజీతం ఇస్తానని ఆమెను అడిగాడు. చూడ్డానికి చిన్న ఎర్రకారే గాని ఖరీదులోనూ వేగంలోనూ పెద్ద కార్లను తలదన్నేది. అతను పక్కన కూర్చుంటే ఆమె దాన్ని ఘాట్ ఎక్కించింది. గేర్లు వాటంతటవే మారాయి, స్టీరింగు వేలితో తిరిగింది. కొండ దాటారు గాని, ఆమెకు ఎక్కినట్టే లేదు.

"ఎలా ఉందక్కా, మజా వచ్చిందా?"

"బేగి ఎల్తాది బాబూ, కాదన్ను. మరి నానేటి సేసేను? అంతా బండే సేసుకున్నాది. నాను ఊరికే కూసున్నాను."

"నడపడంలో దీన్ని మించింది లేదని నెట్‌లో అందరూ రాస్తున్నారక్కా."

"రాసినోళ్లని ఓపాలి నా జీపు తిప్పమను. నాకీ పనొద్దు బాబూ."

ధనుంజయ్‌కి రోషం వచ్చింది. అనంతగిరి తిరిగి రాగానే ఆమె జీపెక్కాడు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి స్టీరింగును రెండు చేతులా లాగి, చెమటలు కక్కుతూ ఒక్క మలుపు తిప్పాడు. అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది.

"ఇంకొక్కటి తిప్పుతానక్కా."

"దిగు బాబూ," అంది కృపావతి. "జనం సంతకెల్లాల. ఇది నా సీటు."