కత్తి వెనక ఏముండాలి?

మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె ఫొటోల పిన్నే. నాకైతే నిజంగానే పిన్ని, అమ్మకు చెల్లెలు. రెండు మెట్లెక్కితే ముందుగది స్టూడియో, దాని వెనక వంటిల్లు. ఆ ముందుగదిలో ఇరవై ఆరేళ్లుగా ఆమె తీసినవన్నీ పాస్‌పోర్టు ఫొటోలే. "గడ్డం కొంచెం దించండి. నవ్వకండి" అని అనీ అనీ ఆమెకు నోరు అరిగిపోయింది. వెనక ఎప్పుడూ తెల్ల గోడే. తెలుపు తప్ప మరో రంగు పనికిరాదని ఫారాల మీదే రాసి ఉంటుంది గనక, ఫొటో వెనక ఏముండాలన్న ప్రశ్న ఆమెకు ఎన్నడూ ఎదురుకాలేదు.

ఒక ఉదయం కమ్మరి పెద్దాయన వచ్చాడు. కత్తులు చేయడంలో అతని చేతికి తిరుగులేదని పేరు. గుడ్డలో చుట్టి తెచ్చిన పద్దెనిమిది కత్తులనూ బల్ల మీద వరసగా పేర్చాడు.

"కేటలాగు వేయిస్తున్నానమ్మా. చూసినవాడి కళ్లు పేజీకి అతుక్కుపోవాలి. ఎర్ర మఖమలు మీద పెట్టి తియ్యి."

పిన్ని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇన్నేళ్లకు ఒక మనిషి వచ్చి, అందంగా తీసిపెట్టమని అడిగాడు మరి.

అయితే మెరుగు పెట్టిన కత్తి అద్దంలాంటిదని తెలియడానికి గంట కూడా పట్టలేదు. ఏ పక్కనుంచి తీసినా ఉక్కులో కెమెరా, కెమెరా వెనక పిన్ని ముక్కు. నల్ల అట్టకు చిల్లు చేసి, అందులోంచి కెమెరా మూతి మాత్రం బయటికి పెట్టి, చుట్టూ పల్చటి తెల్ల కాగితాలు కట్టాక గాని కత్తి దారికి రాలేదు. తీరా చూస్తే మఖమలు మీద ఫొటో నగల కొట్టులా ఉంది. నీలం సిల్కు వేసి చూసింది.

"ఏమే, కత్తికి పెళ్లిచూపులా?" అంది వాళ్ల అత్తగారు గుమ్మంలో నిలబడి.

తెల్ల గుడ్డ మీద పెడితే ఆపరేషన్ గది గుర్తొచ్చింది. పిన్ని ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం లెక్క చూసుకుంటే పదిహేడే కత్తులున్నాయి. పిన్ని మళ్లీ లెక్కపెట్టింది, పదిహేడే. బల్ల కింద, అట్టల వెనక వెతికి వెతికి వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడ అత్తగారు నల్లరాతి గట్టు దగ్గర తాపీగా బీట్‌రూటు తరుగుతోంది.

"మన కత్తి మొద్దుబారి చచ్చింది. నీ దగ్గర అన్నున్నాయి కదా, ఒకటి తీసుకుంటే ఏం పోయింది?" అని కత్తి గట్టు మీద పెట్టింది.

పిన్ని తిట్టబోయి ఆగిపోయింది. తడిసిన నల్లరాయి. దాని మీద రత్నాల్లాంటి ముక్కలు. వాటి మధ్య తెల్లగా ఉక్కు, అంచున వేలాడుతున్న ఒకే ఒక ఎర్రటి బొట్టు.

"కదలకండి అత్తయ్యా!" అని అరిచింది.

"అమ్మో, తేలా?" అత్తగారు ఒక కాలు పైకెత్తి ఉన్నచోటే బిగుసుకుపోయింది. పిన్ని కెమెరా తెచ్చి ఎనిమిది ఫొటోలు తీసేదాకా పాపం ఆవిడ కాలు కింద పెట్టలేదు.

ఆ ఫొటో చూసి కమ్మరి పెద్దాయన మొదట నొసలు చిట్లించాడు. "నా కత్తికి మరకేంటమ్మా?" అన్నాడు. మళ్లీ చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మరోసారి చూశాడు. "ఇదిగో, దీన్ని చూస్తుంటే ఏదో ఒకటి కోసెయ్యాలని చెయ్యి దురద పెడుతోంది. మఖమలు సంగతి మర్చిపో. మిగతావి కూడా ఇలాగే కానియ్."

ఇక పిన్నికి కాళ్లు నేల మీద ఆగలేదు. కత్తుల మూట చంకన పెట్టుకుని, నా చేతికి అట్టలిచ్చి వీధిన పడింది. రొట్టెల కత్తికి బేకరీలో పిండి చల్లిన బల్ల దొరికింది. అంటుకట్టే చాకుకు మొక్కల నర్సరీలో నాచు పట్టిన తొట్టి అంచు దొరికింది. కాగితాలు కోసే కత్తిని బైండింగు షాపులో రంగురంగుల అట్టముక్కల కుప్పలో పడుకోబెట్టింది.

తోలు కోసే కత్తి కోసం చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన ముందున్న చెక్కపీట మీద వేల గాట్లు, ఒకదాని మీద ఒకటి.

"ఆగమ్మా, కొత్త పీట తెస్తాను. ఇదేం బాగుంటుంది?" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఇదే కావాలి బాబాయ్. ఇలాంటిది నేను వంద రోజులు కూర్చున్నా చెయ్యలేను."

ఆయన పీటను అరచేత్తో తుడిచాడు. "మా నాన్న మొదలుపెట్టిన గాట్లమ్మా ఇవి. నేను పెట్టినవి పైన." పిన్ని వెంటనే కెమెరా ఎత్తలేదు. ఆ గాట్లను వేలితో తడిమి చూసి, ఎండ ఏటవాలుగా పడేదాకా ఆయనతో కబుర్లు చెప్పి, అప్పుడు తీసింది.

కేటలాగు అచ్చయి వచ్చిన రోజు కమ్మరి పెద్దాయన అందరినీ కొలిమికి పిలిచాడు. బేకరీ ఆయన తన బల్లను గుర్తుపట్టి పక్కవాళ్లను మోచేత్తో పొడిచాడు. చెప్పులు కుట్టే ఆయన తన పేజీ తెరిచి, మూయకుండా అలాగే ఒళ్లో పెట్టుకున్నాడు. అత్తగారు బీట్‌రూటు బొమ్మను ఎంతోసేపు చూసి, "ముక్కలు ఇంకొంచెం సన్నగా తరగాల్సింది" అని పెదవి విరిచింది. అందరూ పగలబడి నవ్వారు.

ఇప్పుడు తాళాలు చేసేవాళ్లు, దువ్వెనలు చేసేవాళ్లు కూడా పిన్ని కోసం వస్తున్నారు. సెలవు పూట ఆమెతో బజారుకు వెళ్లడమంటే మా అందరికీ హడలే. రంగు ఊడిన తలుపు కనిపిస్తే చాలు, చేతిలో కూరగాయల సంచి నాకిచ్చేసి, అక్కడే గొంతుక్కూర్చుంటుంది.