దండెం మీది మడిచీర

రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో మా నాయన హైస్కూలు అయ్యవారు. ఆయన దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లల తండ్రి, ఒక బట్టలంగడి శెట్టి, దసరా సెలవుల్లో వారం రోజులు తన తోటలో ఉండి రమ్మన్నాడు. తోట జమ్మలమడుగు దాటాక, గండికోట కొండ కింద. నాపరాళ్లు పరిచిన రెండు గదుల మిద్దె, ఒక చేదబావి. ఇంటిల్లిపాదికీ విశ్రాంతి అన్నాడు నాయన. ఆ ఇంటిల్లిపాదిలో అమ్మ లేదని నాకు పదేళ్లకే తెలిసిపోయింది.

నాయనమ్మ కూడా వచ్చింది. ఆమెది ఒంటిపూట భోజనం, అదీ మడితో వండిందే తినాలి. ముందురోజు ఉతికి, ఎవరి చెయ్యీ తగలకుండా ఎత్తుగా దండెం మీద ఆరేసిన చీరను, వండేవాళ్లు తెల్లవారి స్నానం చేసి కట్టుకుంటేనే మడి. తోటలో పచ్చికట్టెలు, కళ్లు మండే పొగ. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది అమ్మ పని. మేం మాత్రం రోజూ కొండ చుట్టూ తిరిగొచ్చి ఆకుల ముందు కూర్చునేవాళ్లం.

అమ్మ ఒక్కటే అడిగింది. పెన్న కొండను చీల్చుకుని పారే చోటు కోట మీదినుంచి కనబడుతుందట, అది చూడాలని. ఆమె తనకోసం ఏదైనా అడగడం నేను విన్నది అదే మొదటిసారి. చివరి రోజు పెందలాడే వంట ముగించి అందరితో పాటు ఎక్కమని నాయన ఒప్పుకున్నాడు. మరునాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం.

ఆ తెల్లవారుజామున అమ్మ బావి దగ్గర స్నానం చేస్తోంది. ఆలస్యమైతే నాయన ఆగడని నా భయం. కర్రతో దండెం మీది చీర లాగి, పొందికగా మడతపెట్టి, గడపలో నిలబడి ఆమెకు అందించాను. నా ఒంటిమీద నిన్నటి పావడా. అమ్మ తడిబట్టతో అక్కడే ఆగిపోయింది.

నాయనమ్మ చూడనే చూసింది. తడిబట్టతో వండేది కర్మలనాడనీ, చీర మళ్లీ తడిపి ఆరాకే పొయ్యి ముట్టించాలనీ తేల్చేసింది. ఉతక్కపోయినా మడికి పనికొచ్చే పట్టుచీర ఉంటే గండం గడిచేది, అది ప్రొద్దుటూరులో పెట్టెలో ఉంది. ఒక్కపూట పండ్లతో సరిపెట్టుకోమని తల్లికి చెప్పడానికి నాయనకు నోరు రాలేదు. బడంతా వణికే నోరు అది.

"కోట యాడికి పోతాది? మళ్లీ వచ్చినప్పుడు చూద్దువులే," అన్నాడు అమ్మతో. ఆ మళ్లీ అనేది ఆమె బతికుండగా రాలేదు.

మేం ఎక్కాం. ఎర్రటి బండల నడుమ, ఎంతో కింద, పెన్న. ఎంత బాగుందో ఈనాటికీ ఎవరికీ చెప్పబుద్ధి కాదు.

దిగొచ్చేసరికి ఆకులు వేసి ఉన్నాయి. నాయన రెండోసారి చారు పోయించుకుంటూ లోయను తెగ వర్ణించాడు. అమ్మ వింటూ వడ్డించింది. తర్వాత ఆమె అంట్లు తోముతుంటే పక్కన చేరి, నా వల్లే నువ్వు రాలేకపోయావని ఏడ్చాను.

అమ్మ తోమడం ఆపలేదు. "నువ్వు ముట్టుకోకున్నా ఇంకేదో అడ్డమొచ్చేదిలేమ్మా," అంది. "నేను కొండెక్కాలని ఈడ ఎవరికుండాది, నీకు తప్ప?"