నీళ్లలో వెయ్యని పటం

పేపర్లో ఆ ఫొటో చూసిన రోజు మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. విదేశీ మ్యూజియం నుంచి తిరిగొచ్చిన కథల పటాన్ని వరంగల్‌లో చూపిస్తున్నారని వార్త. మా తాత అలాంటి గుడ్డ పటాన్నే ఊరూరా వేలాడదీసి, బొమ్మ బొమ్మకూ కథ పాడేవాడు. చిన్నప్పుడు సగం కథకే నిద్రపోయేదాన్ని, ఇప్పుడు ఏడుపొస్తుంది. "బిడ్డా, జర నన్ను తోల్కపోతవా?" అన్నాడు పెద్దబాపు. మోకాళ్ల నొప్పులని పక్క వీధి పెళ్లికి కూడా రాని మనిషి!

కేసముద్రంలో పొద్దున ప్యాసింజర్ ఎక్కితే గంటలోపు వరంగల్ వచ్చేస్తుంది, టికెట్ రెండు చాయ్‌ల ఖర్చు. నెక్కొండ దాటాక ఆయన నోరు విప్పాడు. పటం పాతబడితే, మనిషి పోయినట్టే కర్మ చేసి నీళ్లలో వదలడం మావాళ్ల ఆచారం. యాభై ఏళ్ల కింద తాత ఆ పని ఈయనకు అప్పగించాడట.

"గోదారి ఒడ్డు దాక పోయిన. చెయ్యి రాలే బిడ్డా. ఆడ ఒక తెల్లదొర పటం చూసి, బాగ చూస్కుంట అన్నడు. ఇచ్చేసిన. ఇంటికొచ్చి నీళ్లల్ల ఇడిసిన అని చెప్పిన." తాత నమ్మి, పటానికి దినం చేసి, కులపోళ్లందరికీ అన్నం పెట్టి, కొత్త పటం రాయించుకున్నాడు. నమ్మే పోయాడు.

"గదే పటమైతె ఏం జేస్తవ్?" అన్నాను.

"మా నాయినతోని మాట్లాడేది ఉంది."

స్టేషన్ నుంచి ఆటోకు నూట ఇరవై. "తాతకు కోట చూపియ్యరాదా మేడం, మ్యూజియంల ఏముంటది?" అన్నాడు డ్రైవర్. "మా ఇంటి సామాను ఉన్నది తమ్మీ" అన్నాడు పెద్దబాపు.

అద్దం వెనక పటం నిలువునా వేలాడుతోంది. రంగులు వెలిసినా ఎరుపు ఇంకా అట్లాగే ఉంది. కుడి అంచున, ఛాతి ఎత్తులో, నల్లటి మచ్చ. ఎన్నో ఏళ్లు తాత బొటనవేలు పట్టిన చోటు అదేనట. పెద్దబాపు చెప్పులు విడిచి, సరిగ్గా ఆ మచ్చ ఎదురుగా అద్దం మీద తన బొటనవేలు పెట్టాడు.

"తాతా, అద్దం ముట్టొద్దు" అన్నాడు గార్డు.

"ఒక్క నిమిషం కొడుకా. మా నాయిన ఏలు ఇది."

గార్డు మచ్చ వైపు చూసి, పక్కకు జరిగాడు.

"నాయినా, నీళ్లల్ల ఎయ్యలే. నీకు అబద్ధం చెప్పిన" అన్నాడు పెద్దబాపు. ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు.

తిరుగు రైల్లో ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. తాత చెప్పినట్టు ఆ రోజు పటాన్ని నీళ్లలో వదిలి ఉంటే ఇవాళ నేను చూసేందుకు ఏమీ మిగిలేది కాదు. ఆ మాట చెప్పి ఓదార్చాలనుకున్నాను గానీ, క్షమించాల్సింది నేను కాదు కదా.

మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం అద్దం మీద ఎండ పడి బొమ్మలు కనపడవు. ఆ నల్లమచ్చ ఎదురుగా అద్దం మీద ఒక వేలిముద్ర కనిపిస్తే మాత్రం, తుడవమని ఎవరికీ చెప్పకండి.