కొల్లప్ప తాత పూడ్చిన సందు

మా పక్కింటి కొల్లప్ప తాత పొలం సోలార్ పలకల కిందికి పోయి చాలా ఏళ్ళయింది. కౌలు వస్తుంది కాబట్టి కూర్చుని తినొచ్చు. అయినా ఆయన గొర్రెలను అమ్మలేదు. చిక్కంతా నీడతోనే. పలకల చుట్టూ కంచె ఉంది, లోపల ఎంత నీడ పరుచుకున్నా గొర్రెకు దారి లేదు. అందుకే మధ్యాహ్నమయ్యేసరికి మందను హైవే వంతెన కిందికి, ఎండిన వంకలోకి తోలుకొస్తాడు. మా ఊరు తిరుమణి చుట్టుపక్కల ఆయనకు మిగిలిన నీడ అదొక్కటే.

ఈ ఎండాకాలం అక్కడికి సింధుశ్రీ అనే ఇంజనీరు వచ్చింది. చిన్న సుత్తి లాంటి పరికరంతో వంతెన స్తంభాలను తట్టి చూస్తోంది. తాతకు సంగటి తెచ్చిన ఆయన భార్య నరసక్క అవ్వ వెంట నేనూ ఉన్నాను.

"ఏంది తల్లీ, టెంకాయను చూసినట్ల తట్టి చూస్తాండావు?" అన్నాడు తాత.

"భూకంపం వస్తే ఈ పాత బ్రిడ్జి తట్టుకుంటుందా అని చూస్తున్నా తాతా."

"భూకంపమా! ఈడ వానే రాదు, అది యాడొస్తాది?"

"నీ మొగానికి వానకన్నా అదే ముందొస్తాదిలే" అంది అవ్వ.

సింధుశ్రీ నవ్వింది. తాత నవ్వలేదు. "చూసినాక ఈడ గూడా కంచె వేస్తారా?" అని మెల్లగా అడిగాడు.

"ముందు చూడనీ తాతా" అని ఆమె వంతెన చివరనున్న గట్టు ఎక్కింది. వంతెన దూలాల కొసలు చివరి గోడ మీద ఆనే చోట టార్చి వేసి ఆగిపోయింది. దూలానికీ గోడకూ మధ్య సందు నిండా రాళ్ళు, పైన సిమెంటు.

"ఇదెవరు చేశారు?"

తాత తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "నేనే తల్లీ. పోయిన చలికాలం ఒక గొర్రెపిల్ల ఆ సందులోకి దూరి ఇరుక్కున్యాది. తల్లి కింద నిలబడి అరుస్తా ఉంటే నాకు చేతులాడలేదు. పిల్ల దక్కలేదు. సోలార్ పనికాడ మిగిలిన సిమెంటు తెచ్చి మూసేసినా. బ్రిడ్జికీ బలమే గదా అనుకున్యా."

ఆమె కిందికి దిగి వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. "ఆ సందు కావాలనే వదిలారు తాతా. భూమి ఊగితే దూలం కాస్త అటూ ఇటూ జరగాలి. చోటు లేకపోతే గోడను గుద్దుతుంది."

తాత మందవైపు చూశాడు. "ఇరుకు దొడ్డిలో గొర్రెలు బెదిరితే కాళ్ళు ఇరగ్గొట్టుకున్నట్లనా?"

"అట్లే."

"అయితే ఇంక నన్ను ఈడికి రానీరా?"

"రావచ్చు తాతా. కంచె వేయమని నేను రాయను. వంకలో నీళ్ళు వస్తే మాత్రం ఉండొద్దు. సందును మా మేస్త్రీ రేపు తీస్తాడు. కానీ పిల్లలు మళ్ళీ దూరకుండా ఏం చేద్దాం?"

"ముళ్ళకంప పెట్టు" అంది అవ్వ, తాతతో. "బతుకంతా దొడ్డికి కంప కట్టినోడివి, ఈడికొచ్చేసరికి ఇంజనీరువైపోయినావు!"

తాత మొహం విచ్చుకుంది. "గట్టు కింద పెడతా తల్లీ, సందు జోలికి పోను."

మరుసటి రోజు సింధుశ్రీ దగ్గరుండి చూస్తుండగా మేస్త్రీ దూలానికి దెబ్బ తగలకుండా సిమెంటు తొలిచాడు. ఊడిన రాళ్ళను తాత ఎవరినీ ముట్టనివ్వలేదు. "పెట్టింది నేనే గదప్పా" అంటూ తానే మోసి దూరంగా పోశాడు. గట్టు అడుగున తుమ్మకంప వరసగా పరిచి, ఒక గొర్రెపిల్లను దగ్గరికి తోలి చూశాడు. అది ముక్కు పెట్టి, వెనక్కి తిరిగి తల్లి దగ్గరికి పరుగెత్తింది.

అప్పుడే పైన లారీ పోయింది. వంతెన సన్నగా అదిరింది. తాత ఉలిక్కిపడి తలెత్తాడు. తర్వాత బెదిరిన గొర్రెను నిమిరినట్టు స్తంభం మీద అరచెయ్యి ఉంచాడు.

"కదులులే, నీకు చోటుండాది" అన్నాడు.

మంద నీడలో పడుకుంది. అవ్వ సంగటి మూట విప్పి, ముందు సింధుశ్రీకి ముద్ద పెట్టింది.