మా వదిన మధ్యాహ్నం నిద్ర

నిన్న మధ్యాహ్నం మేనల్లుడి ఫోన్.

"బువా, మా ఉఠ్ నహీ రహీ హై."

అత్తా, అమ్మ లేవడం లేదు అంటున్నాడు. నేను నవ్వేశాను. "మీ అమ్మ ఏనాడు ఒక్క పిలుపుకి లేచిందిరా?" అన్నాను.

అటువైపు వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడు అర్థమైంది. టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయాను. మా సన్యాసమ్మ వదిన ఇక లేదు. రాస్తున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దుట్నుంచీ అందరూ ఏడుపు ఎమోజీలు పెడుతున్నారు. వదినకి అవి అస్సలు నచ్చవు. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మా అన్నయ్యని చేసుకుని విజయనగరం నుంచి జంషెడ్‌పూర్ వచ్చింది. గోల్‌మురిలో మా క్వార్టర్. అన్నయ్యకి ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. వదినకి అలసట డ్యూటీ, మూడు షిఫ్టులూ.

నిద్ర లేచేసరికే అలిసిపోయి ఉండేది.

జడ సగంలో ఆపేసి, "ఉండవే, మిగతాది సాయంత్రం అల్లుకుంతాను" అనేది. కుళాయి లైన్లో బకెట్ బోర్లించి, దానిమీద కూర్చుని కునుకు తీసేది. లైన్ కదిలితే పక్కింటి బిహారీ ఆంటీ "ఉఠో దుల్హన్" అని తట్టి లేపేది.

మా అమ్మకి ఒళ్లు మండిపోయేది. పట్టపగలు కోడలు పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదని ఆవిడ నమ్మకం.

"బద్దకానికి మందు పుట్టిల్లే. అమ్మోరి పండగ అయిపోనీ, టాటానగర్ టేసన్‌లో రైలెక్కించేత్తాను" అని తేల్చేసింది.

అన్నయ్య తల వంచుకుని డ్యూటీకి పోయాడు.

వదిన నా దగ్గర ఏడ్చింది. "బద్దకం కాదే. ఒంట్లో సత్తువ లేదు. నానేటి సెయ్యను?"



పండగ రోజు వచ్చింది. కోడళ్లు అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని బస్తీ అంతా తిరగాలి. మధ్యలో దించితే అరిష్టం. ప్రతి గుమ్మం ముందూ ఆగితే కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తారు.

వదిన ఆగిన ప్రతిచోటా కళ్లు మూసుకుంటోంది. అందరూ భక్తి అనుకున్నారు. పక్కనే నడుస్తున్నాను కాబట్టి నాకు తెలుసు, అది కునుకు.

సగం దూరం వెళ్లాక ఒక గుమ్మం దగ్గర ఇక కళ్లు తెరవలేదు. మనిషి ఊగిపోతోంది. ఘటం పడిపోతుందేమోనని నేను చెయ్యి చాపేలోపే ఎవరో కేక పెట్టారు.

"అమ్మోరు పూనింది!"

డప్పులు జోరందుకున్నాయి. మా అమ్మ కర్పూరం వెలిగించి చేతులు జోడించింది. "తల్లీ, ఏటి తప్పు సేసేం? నీకేటి కావాల?"

వదిన కళ్లు తెరవకుండానే చెప్పింది.

"మజ్జాన్నం కాసేపు నన్ను పడుకోనియ్యండి."

డప్పులు ఆగిపోయాయి.

మా అమ్మ నడివీధిలో కోడలి కాళ్ల మీద పడింది. "అలాగే తల్లీ!"

ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకున్నారు. ఘటం దిగకుండా గుడి చేరింది.

రైలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మర్నాటి నుంచి భోజనాలయ్యాక మా ఇంట్లో కర్ఫ్యూ. ప్లాంట్ భోంపు, అదే షిఫ్ట్ సైరన్, కుయ్యిమనేదాకా వదినని లేపకూడదు. కొన్నాళ్లకి మా క్వార్టర్ల వరసలో కోడళ్లందరూ మధ్యాహ్నం పడుకోవడం మొదలెట్టారు. అమ్మోరి ఆజ్ఞ కదా, అత్తగార్లు మాత్రం ఏమంటారు?

ఎనభైల్లో ఒక డాక్టరమ్మ రక్తం టెస్ట్ చేయించి, థైరాయిడ్ అని చెప్పింది. రోజూ పొద్దున్నే ఒక మాత్ర. నెమ్మదిగా వదినకి ఓపిక వచ్చింది. జడ చివరిదాకా అల్లుకునేది. మధ్యాహ్నం నిద్ర మాత్రం వదల్లేదు.

తనది బద్దకం కాదు, జబ్బని తేలిన ధైర్యంతో ఒకరోజు నిజం చెప్పేసింది. "అత్తా, ఆ రోజు అడిగింది అమ్మోరు కాదు, నానే."

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నాకు తెల్దేటి? అమ్మోరైతే కోడినడుగుద్ది గానీ నిద్దరడుగుద్దా?"

"మరి కాళ్ల మీద ఎందుకు పడ్డావమ్మా?" అన్నాను నేను.

"రైలెక్కించేత్తానని ఊరంతా సెప్పేసేను. మాట ఎనక్కి తీసుకోడానికి నాకూ ఓ దారి కావాల గదే."

అత్తాకోడళ్లు నవ్వీ నవ్వీ బియ్యం ఒలకబోశారు.

నిన్న కూడా వదిన అన్నం తిని, ఫ్యాన్ వేయించుకుని, "నన్ను లేపకండి" అని చెప్పి పడుకుందట.

పడుకో వదినా, ప్రశాంతంగా.

భోంపు మోగినా ఇంక ఎవ్వరం లేపం.