కూత వినడం నేర్పిన రోజులు

నిజాం పాలన చివరి ఏళ్లలో నన్ను నారాయణఖేడ్ మిడిల్ స్కూలుకు డ్రిల్ మాస్టరుగా వేశారు. అక్కడ చదువు ఉర్దూలో, పోట్లాటలు తెలుగులో. సాయంత్రాలు చిన్న తరగతులవాళ్లు మూడు బరుల్లో కబడ్డీ ఆడేవారు. చూడ్డానికి నేనొక్కణ్ణే. నేను లేని బరిలో చొక్కాలు చిరిగేవి. అందుకని ఏడో తరగతి నుంచి నలుగురిని ఏరి అంపైరింగ్ నేర్పడం మొదలుపెట్టాను.

ఈ పనిలో కళ్లెంత ముఖ్యమో చెవులూ అంతే. కూతకు వెళ్లినవాడు ఊపిరి తీయకుండా, అందరికీ వినబడేలా కూత పెడుతూ తన జట్టువైపు తిరిగి రావాలి. మధ్యలో కూత తెగితే ఔట్. నలుగురినీ గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనక ఒకడితో కూత పెట్టించేవాణ్ణి. తెగిందనిపించగానే చెయ్యెత్తాలి. ఆటలో అయితే ముందు విజిల్, తర్వాత చెయ్యి, ఆ తర్వాతే మాట.

నేర్చుకున్నది చూద్దామని ఉపాధ్యాయులకూ పెద్ద విద్యార్థులకూ ఒక ఆట పెట్టాను. విజిల్ ఆ నలుగురిలో ఒకడైన నర్సింలుకిచ్చాను. చురుకైన చెవి, పీలగొంతు వాడిది. మా హెడ్‌మాస్టరును అందరం సదర్ సాబ్ అనేవాళ్లం. ఆయన షేర్వానీ విప్పేసి హుషారుగా కూతకు వెళ్లారు. ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ను పట్టబోయి ఒకరినొకరు పట్టుకుని కింద పడ్డారు. సాబుకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే గీత దాటి వచ్చేశారు.

విజిల్ మోగింది. నర్సింలు చెయ్యెత్తాడు.

"సాబ్, మీరు ఔట్."

"ఏందిరా, నాకే చెప్తున్నవా?"

వాణ్ణి బడినుంచి తీసేయగలిగినవాడూ, నన్ను బదిలీ చేయించగలిగినవాడూ ఆయనే. నర్సింలు నావైపు చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగి నేను తల తిప్పుకున్నాను. వాడిక ఆయనకే చెప్పాడు.

"మీరు నవ్విండ్రు సాబ్. నవ్వంగనే కూత తెగింది. బయటికి పోవాలె."

"నవ్విన మాట నిజమే," అని సాబ్ మళ్లీ నవ్వుతూ వెళ్లి గోడ నీడన కూర్చున్నారు.

ఆ తర్వాత చిన్నపిల్లలు అంపైర్లతో వాదించడం మానలేదు. కానీ "సదర్ సాబే పోయిండు, నువ్వెంత? నడువ్!" అని అంపైరు అనగానే వాదన జల్దీ ముగిసేది.

తర్వాత ఏ బడిలో పనిచేసినా, పిల్లవాడి చేతికి విజిల్ ఇచ్చాక నేను బరికి దూరంగా వెళ్లి కూర్చునేవాణ్ణి. దగ్గరుంటే వాడు ఆటను కాదు, నన్ను చూస్తాడు.