‘వరకు’ అంటే అది కూడానా?

మా ఆయన డ్యూటీకి వెళ్లాక, రాయగడ రైల్వే క్వార్టర్లో ఆ సాయంత్రం నేను కుదురుగా కూర్చుంటే ఒట్టు. హాస్కెల్ అనే కంప్యూటర్ భాషలో ‘ఇక్కడి నుంచి ఇక్కడి వరకు’ అని చెప్పే వ్యవధుల కోసం కోడు రాస్తున్నాను. గంటలకొకటి, తేదీలకొకటి, ఉష్ణోగ్రతలకొకటి కాకుండా అన్నిటికీ ఒకటే. రెండు విలువల్లో ఏది ముందో ఏది వెనకో తేలితే చాలు, ఏదైనా అందులో ఇమడాలి. ఇమిడింది కూడా. తీరా చూస్తే, పది వరకు ఒక షిఫ్టు, పది నుంచి ఇంకో షిఫ్టు ఇస్తే రెండూ ఢీకొన్నాయంటోంది. ఆ పది ఎవరిదో నేను తేల్చలేదు మరి! లేస్తాను, నీళ్లు తాగుతాను, మళ్లీ కూర్చుంటాను.

దానికి తోడు అమ్మ. తెల్లారి ఏడున్నర రైలుకి కోరాపుట్ వెళ్లాలి. అక్కడి ఆసుపత్రిలో ఆమెకి శుక్లం ఆపరేషను. ఒక కన్ను ఎప్పుడో పోయింది, మిగిలింది ఇదొక్కటే. ఈ తారీఖు దాటితే మళ్లీ ఎప్పుడిస్తారో తెలీదు. ఆవిడేమో క్యాలెండరు తెచ్చి నాచేత చదివించింది. వర్జ్యం ఏడు వరకు అని ఉంది.

“ఎనిమిది కొట్టీదాకా గుమ్మం దాటనమ్మి.”

“ఏడుకి అయిపోతాది కదమ్మా!”

“వరకు అంటే అది కూడా కలిపే. సుట్టాన్ని ఆదివారం వరకు ఉండమని సెప్పి, ఆదివారం పొద్దున్నే తరిమేస్తావేటి? ఏడు గంటంతా వర్జ్యమే.”

నాకు ఒళ్లు మండిపోయింది. తేదీకి చెల్లేది గంటకి చెల్లదంటే వినదే! అరిచాను. ఆ అరుపులకి పక్క క్వార్టరు పిన్నిగారు వచ్చారు.

“ఏటమ్మా ఈ గోల? ప్రస్థానం పెట్టీండి. ఇప్పుడు మంచి గడియే. సంచీ మా ఇంట్లో పెట్టీస్తే పయనం మొదలైపోయినట్టే. రేపు వర్జ్యం ఏటి సేస్తాది?”

సంచీ పిన్నిగారింటికి వెళ్లిపోయింది. భలే ఉపాయం! మొదలుని వెనక్కి జరిపేశారు. నేనూ కోడు ముందు కూర్చుని, మొదలూ చివరా తాము లెక్కలోకి వస్తాయో రావో తామే చెప్పేలా మార్చాను. షిఫ్టులు విడిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

పొద్దున్న ఏడు దాటింది. పిన్నిగారు సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టారు. అమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

“ఇంకా ఏటమ్మా? రైలు పోతాది!”

“వర్జ్యం కాదమ్మి,” అంది మెల్లగా. “నాకు బయమేస్తంది. ఈ కన్ను కూడా పోతే నీ మొగం మరి సూడలేను కదా.”

రాత్రంతా వర్జ్యం మీద వాదించాను, భయమేస్తోందా అని ఒక్కసారైనా అడగలేదు. ఏడుపు ఆగలేదు నాకు. ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను. నా గడ్డం పట్టుకుని, మొహం వెలుతురు వైపు తిప్పింది.

“ఎంత వరకు సూస్తావు?” అన్నాను.

“రైలు కూసీ వరకు.”

స్టేషను మా వెనక వీధే. లెవెల్ క్రాసింగు గేటు దగ్గర, వస్తున్న రైలు కూసింది. కూత ఆగిపోయింది. అమ్మ ఇంకా చూస్తూనే ఉంది.